ఒక్క పేరు, వెనకాల ఎన్నో యంత్రాలు

అక్టోబరు 4 వస్తే లోకం స్పుత్నిక్‌ను తలుచుకుంటుంది. సర్వర్లతో బతికేవాళ్లకు ఆ తేదీ మరో రెండు సంగతులు గుర్తుచేస్తుంది. 2004లో ఆ రోజునే రష్యన్ ఇంజనీరు ఇగోర్ సిసోయెవ్ తాను రాసిన ఎన్‌జిన్‌ఎక్స్‌ను అందరికీ విడుదల చేశాడు. లెక్కలేనన్ని వెబ్‌సైట్ల ముంగిట నిలబడి, వచ్చినవాళ్లను వెనకున్న సర్వర్లకు పంచుతున్నది అదే. 2021లో ఆ రోజునే ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ దాదాపు ఆరు గంటలు మూగబోయాయి. భారం పంచే విద్య ఎక్కడ మొదలైందో వెతికి చూడాలనిపించేది ఇలాంటప్పుడే.

రేవుల్లో, సుంకం గేట్ల దగ్గర, ధాన్యం కొట్ల ముందు జనం శతాబ్దాలుగా పడిగాపులు కాశారు. ఆ నిరీక్షణ గణితంలోకి ఎక్కింది మాత్రం టెలిఫోన్ వచ్చాకే. కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ కాల్స్ వచ్చే తీరును 1909లో లెక్కకట్టాడు. ఎంత రద్దీకి ఎన్ని లైన్లు కావాలో 1917లో సూత్రం ఇచ్చాడు. టెలిఫోన్ రద్దీని నేటికీ ఆయన పేరుతోనే కొలుస్తారు. అక్కడి నుంచి డెబ్భై అయిదేళ్లు దాటేసి నేరుగా అమెరికాలోని ఇల్లినాయ్‌కి వచ్చేద్దాం.

1993లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్ఏ కేంద్రం మొజాయిక్ బ్రౌజర్‌ను ఉచితంగా ఇచ్చింది. తెరవగానే అది వెళ్లేది ఎన్‌సీఎస్ఏ సొంత పేజీకే. బ్రౌజర్ ఎంతమందికి నచ్చితే వాళ్ల సర్వర్ మీద అంత బరువు! ఇంకా పెద్ద యంత్రం కొనడం ఒక దారి. ఎరిక్ కాట్జ్, మిషెల్ బట్లర్, రాబర్ట్ మెక్‌గ్రాత్ వేరే దారి పట్టారు. ఒకేలాంటి యంత్రాలు కొన్నింటిని వరసగా నిలబెట్టి, పేజీలన్నీ ఏఎఫ్ఎస్ అనే ఉమ్మడి ఫైల్ వ్యవస్థలో ఉంచారు. ఎవరిని అడిగినా అదే జవాబు. ఇక పంపకం పని డీఎన్ఎస్‌కు అప్పగించారు. పేరు చెబితే చిరునామా ఇచ్చే ఆ వ్యవస్థను, అడిగిన ప్రతిసారీ వంతులవారీగా ఇంకో యంత్రాన్ని చూపించేలా మార్చారు. బయటివాళ్లకు పేరు ఒక్కటే. వెనకాల ఎన్నయినా చేర్చుకోవచ్చు. 1994 మేలో జెనీవాలో జరిగిన మొట్టమొదటి వెబ్ సదస్సుకు ఈ పద్ధతినే పత్రంగా సమర్పించారు.

ఎంత చక్కటి ఉపాయం! అయినా భారం సమంగా పడలేదు. చిరునామా ఒకసారి తెలుసుకున్న డీఎన్ఎస్ సర్వర్ దాన్ని కొంతసేపు గుర్తుపెట్టుకుంటుంది. పెళ్లి భోజనాల దగ్గర ‘మూడో పంక్తి’ అని ఒక ఊరిపెద్దకు చెబితే, వెనకాలే బస్సు దిగిన ఊరంతా మళ్లీ అడక్కుండా మూడో పంక్తికే వెళ్లి కూర్చున్నట్టు. ఒక పెద్ద సంస్థ మొత్తం ఒకే యంత్రం మీద వాలుతుంది, పక్కది తీరిగ్గా ఉండగానే. పైగా యంత్రం పడిపోయిన సంగతి డీఎన్ఎస్‌కు తెలియదు, ఆ చిరునామానే ఇస్తూ పోతుంది. నాకు ఈ ఘట్టమంటే అంత ఇష్టం ఎందుకంటే, ఇవాళ్టి చిక్కులన్నిటికీ మూలం అందులోనే ఉంది. వంతులు వేయడం తేలిక. ఎవరు ఏ స్థితిలో ఉన్నారో ఆ క్షణాన తెలుసుకోవడమే కష్టం.

ఆ తర్వాత కథ ఒక్క దారిన సాగదు. మధ్యలో నిలబడి తామే చూసి పంచే లోడ్ బ్యాలెన్సర్లు వచ్చాయి. 2001లో విల్లీ తారో హెచ్‌ఏప్రాక్సీ అనే బ్యాలెన్సర్‌ను ఇచ్చాడు. సర్వర్ బాగుందో లేదో అడిగే హెల్త్ చెక్ అందరికీ అలవాటైంది. దానితోనే కొత్త తంటాలు. ఎన్‌జిన్‌ఎక్స్ మామూలు అమరికలో, కనెక్షన్ ఒక్కసారి విఫలమైతే ఆ సర్వర్‌ను 10 సెకన్లు పక్కన పెడుతుంది. అదే సర్వర్ ‘500’ అని తప్పు జవాబిస్తే మాత్రం, మనం మార్చి రాయకపోతే, బాగానే ఉందనుకుంటుంది. తక్కువ కనెక్షన్లున్న చోటికి పంపమంటే ఇంకా ప్రమాదం. చెడిపోయిన సర్వర్ క్షణంలో తప్పు జవాబిచ్చి ఖాళీ అవుతుంది కాబట్టి, వచ్చినవాళ్లందరూ దాని దగ్గరికే చేరతారు. 2021లో ఫేస్‌బుక్‌లో జరిగిందీ ఈ కోవలోదే. మరమ్మతులో ఇచ్చిన ఒక ఆదేశంతో డేటా సెంటర్ల మధ్య నెట్‌వర్క్ తెగింది. వాటిని అందుకోలేని డీఎన్ఎస్ సర్వర్లు తమలోనే లోపముందని తేల్చుకుని, తమను చేరే దారిని ప్రకటించడం మానేశాయి. నియమం రాసినట్టే నడిచింది.

ఇప్పుడు మాదాపూర్‌లో, డల్లాస్‌లో ఆన్‌కాల్‌లో ఉన్న మన పిల్లలు అర్ధరాత్రి ‘502 వస్తోంది’ అన్న కబురుతో లేస్తున్నారు. 504 అయితే వెనక సర్వర్ గడువులోగా పలకలేదని. 502 అయితే కనెక్షన్ తెగిందనో, జవాబు చెల్లలేదనో. గంటకొకటి రెండు మాత్రమే వచ్చి, ఏ సర్వర్ లాగ్‌లోనూ కనిపించని 502 మరీ ఏడిపిస్తుంది. ఉదాహరణకు, ముందున్న బ్యాలెన్సర్ ఖాళీ కనెక్షన్‌ను 60 సెకన్లు ఉంచుకుంటుంది, వెనకున్న నోడ్ జేఎస్ సర్వర్ 5 సెకన్లకే మూసేస్తుంది అనుకుందాం. మూస్తున్న ఆ క్షణంలోనే కొత్త అభ్యర్థన వచ్చి పడితే అంతే సంగతులు. వెనకదాని గడువు ముందుదానికన్నా కాస్త ఎక్కువ పెడితే ఆ తప్పు ఆగిపోతుంది.