ఉప్పు బాటల వారసులం



హాస్టల్లో కొత్త పిల్లల దరఖాస్తులు నింపించేటప్పుడు మేము ఏటా ఒక సంగతి గమనిస్తుంటాం. కులం గడిలో 'సుగాలి' అని రాస్తారు. ఊళ్లో తమను 'లంబాడీలు' అంటారని చెబుతారు. ఇంట్లో ఏమంటారని అడిగితే మాత్రం గొంతు తగ్గించి 'గోర్' అంటారు. మూడు పేర్లూ ఒకే జాతివి. గొంతు తగ్గించాల్సిన పనేమీ లేదు.

మచిలీపట్నం నుంచి నందిగామ, జగ్గయ్యపేట మీదుగా హైదరాబాద్ వెళ్లే రోడ్డు మీద నేడు లారీలు బారులు తీరుతున్నాయి. లారీలు, రైళ్లు లేని కాలంలో సముద్రతీరపు ఉప్పును దక్కను లోపలికి, అక్కడి ధాన్యాన్ని ఊరూరికీ ఎడ్ల మీద చేరవేసింది మన పూర్వీకులే. ఆ వర్తకాన్ని మనవాళ్లు 'లదేణి' అన్నారు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎడ్లు ఉండేవని రాశాడు. సైన్యాలకు తిండిగింజలు అందించిందీ మనవాళ్లే.

తర్వాత రైలు వచ్చింది. ఉప్పు మీద ఆంగ్లేయుల గుత్తాధిపత్యం వచ్చింది. లదేణి కూలిపోయింది. పని పోయి తిరుగుతున్న వారిని ఆదుకోకపోగా, 1871 నాటి నేరస్థ జాతుల చట్టం పుట్టుకనే నేరంగా చూసింది. 1911లో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. మనవారిలోనూ పలువురిపై ఆ ముద్ర పడింది. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా, ఆ చూపు పూర్తిగా పోలేదు. పిల్లల గొంతు తగ్గడానికి మూలం అక్కడుంది.

అదే 1952లో అస్సాంలోని బోరో గిరిజనులు తమ భాష కోసం బోడో సాహిత్య సభను స్థాపించుకున్నారు. 1963 నాటికి ప్రాథమిక బడుల్లో బోరో మాధ్యమం సాధించారు. 2003లో సంతాలీతో పాటు వారి భాషకు రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు దక్కింది. వారిదీ సొంత లిపి కాదు, దేవనాగరి. మన గోర్ బోలికి ఇంకా ఆ చోటు దక్కలేదు. కానీ లిపి లేదన్నది సాకు కాకూడదు. తెలుగు అక్షరాలు మన చేతిలోనే ఉన్నాయి.

అందుకే మా కోరిక ఒక్కటే. ఈసారి సెలవులకు తాండాకు వెళ్లినప్పుడు యాడి దగ్గర, అవ్వాతాతల దగ్గర కూర్చోండి. తీజ్ పాటలు, లదేణి కథలు, మరుగున పడుతున్న మాటలు అడిగి నోటుబుక్కులో రాసుకోండి. ఎవరైనా మీరెవరని అడిగితే తలెత్తి చెప్పండి: మేము గోర్‌లం.