పాలబాస (దేవరగట్టు)

కర్నూలు జిల్లా పడమటి సీమయందు, హొళగుంద మండలములోని దేవరగట్టు కొండపై విజయదశమి రాత్రి జరుగు బన్ని ఉత్సవమునకు ముందు, నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు డొళ్లినబండ కడ గూడి, కక్షలు మఱచి ఏకమనస్కులమై దేవకార్యము నడపుదుమని పాలు సాక్షిగా పట్టు ప్రతినయే పాలబాస. మాళమల్లేశ్వరస్వామి కల్యాణానంతరము ఉత్సవమూర్తులకొఱకు ఈ మూడూళ్లవారొక పక్షమును, అరికెర, సుళువాయి, ఎల్లార్తి మున్నగు ఊళ్లవారు వేఱొక పక్షమునై దివిటీల వెలుగున కఱ్ఱలతో తలపడుదురు. ఏటేట పలువురి తలలు పగులుచున్నవి. కొన్ని యేండ్లలో ప్రాణములును పోయినవి.

ఈ హింస తగదని యెఱిగినంతమాత్రమున అది ఆగదు. మంచిదని యెఱిగియు దానిని చేయజాలకుండుట మనుజుని పురాతన దౌర్బల్యమనియు, సద్గుణము బోధచేగాక అభ్యాసముచే అలవడుననియు అరిస్టాటిల్ చెప్పెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో మనశ్శాస్త్రజ్ఞుడు కర్ట్ లెవిన్, తాము వండ నిచ్చగింపని గుండె, మూత్రపిండముల మాంసమును వండుడని కొందఱు గృహిణులకు ఉపన్యాసము లిప్పించి, మఱికొందఱచే పరస్పరము చర్చింపజేసి అందఱియెదుట చేయెత్తించి నిశ్చయము చేయింపగా, విన్నవారిలో నూటికి ముగ్గురును, నిశ్చయించినవారిలో 32 మందియు దానిని వండిరి. పాలబాస బలమును ఇట్టిదే. ఇరుగుపొరుగు చూచుచుండగా పలికిన మాటను తప్పుట యెవనికైనను కష్టము. అదియునుగాక, ఉత్సవదినములలో మాంసమును విడిచి, చెప్పులు తొడుగక నియమము పాటించిన దేహము నిగ్రహమున కప్పటికే కొంత అలవాటుపడియుండును.

పోలీసులు గ్రామములలో అవగాహన సభలు జరుపుటయు, ఇనుప రింగులు తొడిగిన కఱ్ఱలను స్వాధీనపఱచుకొనుటయు, మద్యమును అరికట్టుటయు అవశ్యకర్తవ్యములే. అయినను, గాయమును స్వామిప్రసాదముగ నెంచి, దానిపై బండారు (పసుపుపొడి) అద్దుకొని మరల ముందునకురుకు భక్తుని భయముచే మరలించుట దుష్కరము. అతనిని కట్టిపడవేయగలది అతడు తన దేవునియెదుట పలికిన మాటయే యని నా దృఢవిశ్వాసము. కాని ఆ మాట నేడు ఒక పక్షమువారి ఐకమత్యమునకే పరిమితము. ఎదుటి పక్షము దానిలో చేరలేదు. చీకటిలో, గుంపులో, తన్నెవరు నెఱుగరని తోచినపుడు మనుజుని అంతరాత్మ నోరు మెదపదు.

ఆచారమును మార్చరాదనువారు ఈ కొండకథనే స్మరింపవలెను. స్వామిచే సంహరింపబడు వేళ మణిమల్లాసురులను రాక్షసులు ఏటేట నరబలి కోరగా, స్వామి పిడికెడు రక్తమును మాత్రమే అనుగ్రహించెనట. నేటికిని రక్షపడ యనుచోట భక్తుడైన గొరవయ్య తన తొడనుండి దానినే అర్పించుచున్నాడు. హింసను తగ్గించుట ఈ సంప్రదాయమునకు క్రొత్తగాదు. కావున అరికెర మొదలగు ఊళ్ల పెద్దలును డొళ్లినబండకు వచ్చి పాలు ముట్టి, రింగుల కఱ్ఱ పట్టమనియు, త్రాగి గట్టెక్కమనియు ఆ బాసలోనే పలుకుట యుక్తము.