ఆక్వర్తు పాఠశాల : సహవిద్యా సంప్రదాయ పరిణామము

ఒకే ప్రాంగణమున బాలబాలికలు నివసించినంతమాత్రమున అది సహవిద్యాశాల యగునా? ఈ ప్రశ్నను విచారించువారికి ఇంగ్లండునందలి యార్కుషైరు మండలములో 1779లో వెలసిన ఆక్వర్తు పాఠశాల చరిత్ర మిక్కిలి ఉపకరించును. ఇది క్వేకరులని ప్రసిద్ధికెక్కిన మిత్రసమాజమువారి సంస్థ. ప్రభుత్వమునకుగాని రాజ్యమతమునకుగాని లోబడక పుట్టినది. తొలినుండియు ఇందు బాలురతోపాటు బాలికలకును ప్రవేశము కలదు.

దీని పుట్టుకకు మూలము క్వేకరుల సిద్ధాంతమందే యున్నది. ప్రతి మనుష్యునియందును దైవజ్యోతి వెలుగుచుండుననియు, దానికి స్త్రీపురుష భేదము లేదనియు వారి విశ్వాసము. కావుననే సమాజస్థాపకుడగు జార్జి ఫాక్సు 1668లోనే బాలికలకును విద్యాలయము నెలకొల్పవలెనని ప్రబోధించెను. దీనికి తోడు వేరొక నిర్బంధము కూడ నుండెను. రాజ్యమత నియమములకు సమ్మతింపనివారికి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశము గాని, కేంబ్రిడ్జియందు పట్టము గాని లభింపకుండెను. ఈ ప్రతిబంధకములు 1854, 1856 నాటి శాసనములతో సడలనారంభించి, 1871 నాటి శాసనముచేత చాలవరకు తొలగెను. ఇట్లు వెలియైన సమాజము తన బిడ్డల చదువును తానే చూచుకొనవలసివచ్చెను.

ఆ భారమును వహించినవాడు లండనునందలి ప్రముఖ వైద్యుడును, వృక్షశాస్త్ర ప్రియుడును, బెంజమిను ఫ్రాంక్లినునకు మిత్రుడును అగు జాను ఫాథర్‌గిల్లు (1712–1780). లండను అనాథ శిశుశాలవారు ఆక్వర్తునందు నిర్మించిన విశాల భవనము 1773లో మూతపడి యుండెను. ఫాథర్‌గిల్లు ప్రోద్బలముతో మిత్రసమాజము దానిని కొని, 1779 అక్టోబరులో పాఠశాలను తెరచెను. సంపన్నులు కాని క్వేకరుల బిడ్డలకై యిది ఉద్దిష్టమైనది. ఒకనాడు దిక్కులేని శిశువులకు నీడనిచ్చిన గోడలే స్వల్పవిత్తముగల కుటుంబముల పిల్లలకు విద్యాస్థాన మగుట గమనింపదగినది. ‘తనకొరకు కాదు, ఎల్లరకొరకు’ అను అర్థముగల లాటిను సూక్తి ఈ పాఠశాలకు ధ్యేయవాక్యము.

ఇక సంప్రదాయములు. వీనిలో మొదటిది మౌనము. ఉపదేశకుడు లేని ఆరాధనయందును, భోజనమునకు ముందును పిల్లలు నిశ్శబ్దముగా కూర్చుండెడివారు. రెండవది ఏటేట జరుగు సర్వసభ. దూరప్రాంతములనుండి సమాజసభ్యులు వచ్చి, పిల్లల చదువును స్వయముగా పరీక్షించెడివారు. బాలికల విభాగమును చూచుటకు స్త్రీలే నియుక్తులగుట ఆ కాలమున విశేషము. మూడవది బాలికల కుట్టుపని. అర్ధవృత్తములు, అష్టభుజములు, అక్షరమాలలు కూర్చి వారు కుట్టిన నమూనా వస్త్రములు నేడును ‘ఆక్వర్తు’ పేరిటనే కళాసంగ్రాహకులలో వ్యవహరింపబడుచున్నవి. అవి నిరాడంబరతను బోధించిన పాఠశాలనుండియే వెలువడిన సౌందర్యరచనలు.

అయినను ఆ వస్త్రములే యొక భేదమునకును సాక్షులు. చదువు, వ్రాత, లెక్కలు ఇరువురకును ఉండగా, సూదిపనియు గృహకృత్యములును బాలికలకు ప్రత్యేకమయ్యెను. బాలురకొక పార్శ్వము, బాలికలకొక పార్శ్వము, తరగతులును వేరే. భవనము ముందటి రాతిపలకల బాటపై మాత్రము రక్తబంధువులు కలిసికొని మాటలాడుటకు అనుమతి యుండెను. అందుచే పలువురకు అకస్మాత్తుగా జ్ఞాతులు పుట్టుకొనివచ్చిరనియు, ‘ఆక్వర్తు జ్ఞాతులు’ అను నానుడి ఇట్లు ఏర్పడినదనియు ప్రతీతి. ఈ పరిహాసము వెనుక ఆ నాటి పిల్లల యొంటరితనము తోచుచున్నది.

సిద్ధాంతము సమత్వము, ఆచరణము విభజనము. ఈ వైరుధ్యమునకు పాఠశాల పూర్వవిద్యార్థియగు జాను బ్రైటు (1811–1889) జీవితము ఉదాహరణముగా తోచును. భారతదేశమున ప్రత్తి సాగును గూర్చి 1848లో విచారించిన పార్లమెంటు సంఘమునకు అధ్యక్షుడై, కంపెనీ పాలనను తీవ్రముగా విమర్శించిన యీ ఉదారవాది, 1867లో స్త్రీల ఓటుహక్కును సమర్థించియు 1876లో దానిని ప్రతిఘటించెను. కాని దీనిని పాఠశాల దోషముగా నెంచుట తొందరపాటగును. ఆయన అచట చదివినది స్వల్పకాలమే. అదిగాక, అదే క్వేకరు గృహమున పెరిగిన సోదరుడు జేకబు బ్రైటు 1870లో స్త్రీల ఓటుహక్కు బిల్లును పార్లమెంటున ప్రవేశపెట్టెను. ఒకే విశ్వాసమునుండి రెండు నిర్ణయములు వెలువడినవి.

కావున ఆక్వర్తు చరిత్రను సహవిద్యకు సంపూర్ణ నిదర్శనమనుటయు, కేవల నామమాత్రమనుటయు రెండును సత్యదూరములే. 1779లో ఒకే కప్పు క్రింద ఇరువురకును స్థానమొసగుట సాహసము. ఆ కప్పు క్రిందనే అడ్డుగోడ నిలుపుట కాలధర్మము. ఆ విభజనము తరువాతి తరములలో క్రమముగా సడలుటకు బయటినుండి తెచ్చిన సిద్ధాంతమేదియు అవసరము కాలేదు. స్థాపకులు పలికిన మాటనే తరువాతివారు పూర్తిగా ఆచరింపవలసివచ్చెను. విద్యాసంస్థల చరిత్రను వ్రాయువారు శాసనములను, ప్రవేశ పట్టికలను మాత్రమేగాక, పిల్లలు నడచిన బాటలను, కుట్టిన వస్త్రములను కూడ ఆధారములుగా గ్రహింపవలెనని యీ పాఠశాల మనకు తెలుపుచున్నది.