చికాగోలో చచ్చిన సింహం

1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ వేట కోసం తూర్పు ఆఫ్రికా వెళ్లాడు. ఆ వేటను సినిమా తీయాలని చికాగో నిర్మాత విలియం సెలిగ్ ఆశపడ్డాడు గానీ కుదరలేదు. దాంతో తన స్టూడియోలోనే అడవి సెట్టు వేయించాడు. రూజ్‌వెల్ట్ వేషానికి ఒక నటుణ్ని, ఆఫ్రికన్ల వేషాలకు చికాగో నల్లజాతివాళ్లను పెట్టాడు. ఒక సింహాన్ని తెప్పించి, కెమెరా తిరుగుతుండగా నిజంగానే కాల్చి చంపించాడు. జనం ఎగబడి చూశారు. ఆఫ్రికాలోనే రూజ్‌వెల్ట్‌ను చిత్రీకరించిన చెర్రీ కెర్టన్ సినిమా మరుసటి ఏడాది వచ్చింది. దానికి ఆ ఆదరణ దక్కలేదు.

ఆఫ్రికా అడవిని ప్రపంచం తెరమీద చూడటం ఇలా మొదలైంది. సింహం ముందు, దొర దాని ఎదుట, ఆ నేల మనిషి మూట మోస్తూ వెనకాల.

ఆఫ్రికావాళ్లు తమ నేలను తామే సినిమా తీసుకుందామన్నా సాగని రోజులవి. ఫ్రెంచి వలసల్లో 1934 నాటి లావాల్ ఉత్తర్వు ప్రకారం షూటింగుకు ముందే ప్రభుత్వ అనుమతి కావాలి. అది దొరకకే ఆఫ్రికా దర్శకుడు పాలిన్ వియెరా బృందం 1955లో తమ సినిమాను పారిస్ వీధుల్లో తీసుకుంది.

తూర్పు ఆఫ్రికాలోని సెరెంగెటీ నేషనల్ పార్కు కథ మరీ బాధ పెడుతుంది. జర్మనీకి చెందిన బెర్నార్డ్ గ్జిమెక్, ఆయన కొడుకు మైఖేల్ చారల గుర్రంలా రంగు వేసిన చిన్న విమానంలో తిరుగుతూ అక్కడి జంతువులను లెక్కపెట్టారు, సినిమా తీశారు. 1959 జనవరిలో ఆ విమానాన్ని రాబందు ఢీకొట్టడంతో మైఖేల్ చనిపోయాడు. సినిమాకు ఆస్కార్ వచ్చింది. సెరెంగెటీని కాపాడాలన్న తపన లోకానికి పాకింది. 1959లోనే మసాయి తెగ పశువుల కాపరులు మాత్రం ఆ పార్కు వదిలిపోవాల్సి వచ్చింది. మైఖేల్ ప్రేమను శంకించలేం. కానీ అడవికి మనుషులూ మందలే ముప్పు అన్న వాదన అంత గట్టిగా వినిపించినప్పుడు, మసాయి చేతిలో కెమెరా ఉంటే ఏం చూపించేవాడో అన్న ప్రశ్న నన్ను వదలదు.

వన్యప్రాణుల చిత్రాలకంటూ ఉత్సవాలు తర్వాత వచ్చాయి. ఎలుగుబంట్ల శాస్త్రవేత్త చార్లెస్ జాంకెల్ 1977లో అమెరికాలోని మిస్సోలాలో ఒకటి ప్రారంభించాడు. 1982లో బ్రిస్టల్‌లో వైల్డ్‌స్క్రీన్, 1991లో అమెరికాలోనే జాక్సన్ హోల్ ఉత్సవం వచ్చాయి. మూడూ ఆఫ్రికాకు సముద్రాల అవతలే. ఇలాంటి చోట బహుమతి కన్నా విలువైన పని హాలు బయట జరుగుతుంది. టీ తాగే విరామంలో టీవీ చానెల్ మనిషి తారసపడతాడు, వచ్చే సినిమాకు డబ్బు మాట్లాడుకుంటారు. నైరోబీ కుర్రాడికి ఆ టీ దాకా వెళ్లాలంటే విమానం టికెట్టు, వీసా, ప్రవేశ రుసుము అన్నీ కావాలి.

ఉత్సవానికి ఎంత బలముందో 2014లో తెలిసింది. కాంగోలోని విరుంగా నేషనల్ పార్కులో చమురు కోసం బ్రిటిష్ కంపెనీ సోకో అన్వేషణ మొదలుపెట్టింది. రోడ్రిగ్ కటెంబో అనే రేంజరు రహస్య కెమెరాతో లంచాల బేరాలు రికార్డు చేశాడు. 2013లో అతణ్ని పట్టుకుని 17 రోజులు హింసించారు. ఆ దృశ్యాలతో కూడిన ‘విరుంగా’ డాక్యుమెంటరీ 2014 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లోని ట్రైబెకా ఉత్సవంలో తొలిసారి ప్రదర్శితమైంది. అంతకు రెండు రోజుల ముందే పార్కు అధిపతి ఎమాన్యుయేల్ ద మెరోద్‌పై కాల్పులు జరిగాయి, ఆయన బతికి బయటపడ్డారు. జూన్‌లో, ప్రపంచ వన్యప్రాణి నిధితో ఒప్పందం చేసుకుని సోకో పని ఆపింది. సినిమా ఒక్కటే చేసిన పని కాదది, ఎన్నో గొంతులు కలిశాయి. దర్శకుడు ఓర్లాండో వాన్ ఐన్సీడెల్ బ్రిటన్ వాడు. అయినా ప్రాణాలకు తెగించి ఆ బేరాలను కెమెరాకెక్కించింది కాంగో రేంజరే.

ఆఫ్రికావాళ్లే వేదిక కట్టుకోవడం అందుకే ముఖ్యం. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడెక్కిన మన తెలుగు కూలీలు చెరకు తోటల్లో పనికి వెళ్లి దిగిన దక్షిణాఫ్రికా రేవు డర్బన్‌లో ఇప్పుడు ఆ పని సాగుతోంది. నోయెల్ కోక్, ప్రజ్ఞా పర్సోతమ్ కోక్ దంపతులు ప్రకృతి, వన్యప్రాణి చిత్రకారుల కోసం ‘న్యూఫ్’ సంస్థ పెట్టారు. ఖండం నలుమూలల నుంచి వచ్చిన యువత అక్కడ కలుస్తారు, తమ కథలను వినిపిస్తారు. హిందూ మహాసముద్రం ఒడ్డున సోడ్వానా బేలో కొందరు ముందు ఈత దగ్గర్నుంచి మొదలుపెట్టి, డైవింగ్ నేర్చి, ఆ తర్వాతే కెమెరాతో నీళ్లలోకి దిగుతారు.