మనిషి సముద్రగర్భంలో, అంతరిక్షంలో నివసించగలడా? – ఒక చారిత్రక పరిశీలన

1. పరిచయం

అరకు కొండల దిగువన ఉన్న శృంగవరపుకోట నుంచి విశాఖపట్నం సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ రామకృష్ణా బీచ్‌లో ఒడ్డున నిలిపిన ఐ.ఎన్.ఎస్. కుర్సురా జలాంతర్గామిని ఈ ప్రాంత విద్యార్థులు చాలామంది చూసే ఉంటారు. మన ప్రశ్నకు దగ్గరలో ఉన్న చారిత్రక ఆధారం అదే.

ముందుగా ఒక తేడాను గుర్తించాలి. బయటి సరఫరాతో కొంతకాలం గడపడం బస. గాలి, నీరు, తిండి ఉన్నచోటనే సమకూర్చుకుంటూ తరతరాలు కొనసాగడం నివాసం. పట్టణాలకు కూడా తిండి బయటి నుంచే వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ సరఫరా ఆగితే పట్టణవాసి మరో ఊరికి వెళ్ళగలడు. దారిపొడవునా గాలి ఉంటుంది.

2. సముద్రగర్భం

సోవియట్ యూనియన్‌లో తయారైన కుర్సురా 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరింది. 2001 ఫిబ్రవరి 27న సేవ నుంచి వైదొలగి, 2002లో ప్రదర్శనశాలగా మారింది. సుమారు 91 మీటర్ల పొడవున్న ఆ నౌకలో 75 మంది వరకు పనిచేసేవారు. నీటి అడుగున అది బ్యాటరీలతో నడిచేది. బ్యాటరీలను చార్జి చేయాలంటే డీజిల్ ఇంజన్లు తిరగాలి, వాటికి గాలి కావాలి. అందువల్ల నీటిమట్టం దగ్గరకు మళ్ళీ మళ్ళీ రాక తప్పేది కాదు.

1971 డిసెంబరులో ఇదే తీరానికి సమీపంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. కారణంపై రెండు దేశాల కథనాలు వేరు. లోపలివారు ఒక్కరూ బతకలేదన్నది మాత్రం నిర్వివాదాంశం.

ఫ్రాన్స్‌కు చెందిన జాక్ కూస్తో 1962లో మార్సెయ్ సమీపాన 10 మీటర్ల లోతులో ఇద్దరిని ఒక వారం ఉంచాడు. 1965లో 100 మీటర్ల లోతున ఆరుగురు మూడు వారాలు గడిపారు. ఆ తరువాత అందరూ ఒడ్డుకు చేరారు.

3. అంతరిక్షం

హైదరాబాదు నుంచి అమెరికా వెళ్ళిన కుటుంబానికి చెందిన రాజాచారి 2021 నవంబరు నుంచి 2022 మే వరకు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. భూమికి సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులోని ఆ కేంద్రం 2000 నవంబరు నుంచి ఒక్కరోజు కూడా ఖాళీగా లేదు. అక్కడ చెమటను, మూత్రాన్ని శుద్ధిచేసి తిరిగి తాగునీరుగా వాడతారు. నీటిని విడగొట్టి ఆక్సిజన్ తీస్తారు. అయినా తిండి, విడిభాగాలు రాకెట్లలో భూమి నుంచే వెళ్ళాలి. భారరహిత స్థితిలో ఎముకలు బలహీనపడతాయి కనుక రోజూ సుమారు రెండు గంటలు వ్యాయామం చేయాలి.

4. భూమిమీద జరిగిన పరీక్ష

1991లో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్ 2 అనే మూసివేసిన గాజు భవనంలో ఎనిమిదిమంది రెండేళ్ళ నివాసం ప్రారంభించారు. పొలం, చెట్లు, చిన్న సముద్రం అన్నీ లోపలే ఏర్పాటు చేశారు. అయితే మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను ఎక్కువగా వాడుకోవడంతో దాని శాతం సుమారు 21 నుంచి 14కు పడిపోయింది. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపవలసి వచ్చింది.

5. సారాంశం

పై ఉదాహరణలన్నీ బసకు సాక్ష్యాలు, నివాసానికి కావు. రేపు సాధ్యం కాదని చరిత్ర చెప్పదు. కానీ భూమి పాడైతే మరోచోటికి పోవచ్చన్న ధీమాకు మాత్రం ఇంతవరకు ఆధారం లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

కుర్సురా, బయోస్ఫియర్ 2 – ఈ రెండూ బయటి గాలిపై ఎందుకు ఆధారపడవలసి వచ్చిందో పోల్చి రాయండి.