విద్యార్థిబృందముల వ్యవస్థానిర్మాణము — ఇంగ్రెస్ చరిత్ర

స్నాతకోత్తర విద్య ముగియు వేళ విద్యార్థి యొక సిద్ధాంతవ్యాసమును సమర్పించుట మన శాఖలలో చిరకాలముగ నున్న సంప్రదాయము. ఆ వ్యాసమునకు కర్త యొక్కడే. దాని గుణములకును దోషములకును అతడే బాధ్యుడు. సమాచారవ్యవస్థలను బోధించు శాఖలలో పద్ధతి వేరు. అచట కొందరు విద్యార్థులు బృందముగ నేర్పడి, ఒక సంస్థకో కార్యాలయమునకో ఉపయోగపడు కంప్యూటరు వ్యవస్థను నిర్మించి, పనిచేయించి చూపవలెను. దీనినే క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు అందురు. కట్టడమునకు తుదిగా పైన నిలుపు రాతికి ఆంగ్లమున క్యాప్‌స్టోన్ అని పేరు. మన ఆలయనిర్మాణమున శంకుస్థాపన మొదటిది, కలశస్థాపన తుదిది. కావున నీ ప్రాజెక్టును చదువునకు కలశస్థాపన యనవచ్చును. మన దేశమున ఎం.సి.ఎ. విద్యార్థులు చివరి అర్ధసంవత్సరమున చేయు ప్రాజెక్టు కూడ ఈ జాతిలోనిదే.

అయితే ఒక భేదము కలదు. కలశస్థాపనతో ఆలయము నిత్యార్చనకు సిద్ధమగును. విద్యార్థుల ప్రాజెక్టు మాత్రము పెక్కుమార్లు ఆనాడే మూతపడును. పరీక్షకులు చూతురు, మార్కులు వేయుదురు, బృందము చెదరిపోవును. ఆ వ్యవస్థను మరల తెరచువారుండరు. ఇట్లేల జరుగుచున్నది? విద్యార్థుల చేతులలో పుట్టిన వ్యవస్థ వారి యనంతరము నిలువవలెనన్న నేమి కావలెను? ఈ ప్రశ్నకు సమాధానముగ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణమున పుట్టిన ఇంగ్రెస్ అను వ్యవస్థ చరిత్రను పరిశీలింపదలచితిమి. ఇంగ్రెస్ పరీక్షకొరకు చేసినది కాదు, అది పరిశోధన. ఐనను బృందముగ పనిచేయు విద్యార్థులకు కలుగు కష్టములన్నియు దానికిని కలిగినవి. కావున నుదాహరణమునకు తగినది.

ముందుగ నాటి పరిస్థితిని గమనింపవలెను. 1968లో పశ్చిమ జర్మనీలోని గార్మిష్ పట్టణమున జరిగిన సమావేశమున, పెద్ద సాఫ్టువేరు నిర్మాణములు గడువు మీరుచున్నవనియు, ఖర్చు మీరుచున్నవనియు నిపుణులు చర్చించిరి. కార్యక్రమములను వ్రాయుట వ్యక్తి నైపుణ్యముగ గాక ఇంజనీరింగు శాస్త్రముగ నెదుగవలెనను భావము అచట బలపడెను. 1972లో అమెరికాలోని కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘము, రాబర్ట్ ఆషెన్‌హర్స్ట్ సంపాదకత్వమున, సమాచారవ్యవస్థలలో స్నాతకోత్తర విద్యకు ఒక పాఠ్యప్రణాళికను ప్రకటించెను. వ్యవస్థానిర్మాణ ప్రాజెక్టునకు అందు స్థానము లభించెను. బృందముగ పనిచేయుట యనునది చదివి నేర్చునది కాదు, చేసి నేర్చునది అను అభిప్రాయము ఆ కాలమున నిట్లు రూపొందుచుండెను.

ఇంగ్రెస్‌నకు బీజము 1970లో వెలువడినది. ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచున్న ఎడ్గార్ కాడ్, సమాచారము నంతటిని పట్టికల రూపమున భావింపవచ్చునని ఒక వ్యాసమున ప్రతిపాదించెను. కావలసిన దేదియో చెప్పిన చాలును. దానిని వెదకు మార్గమును యంత్రమే చూచుకొనవలెను. సిద్ధాంతము సుందరమే గాని ఆచరణమున వేగముగ నడచునా యను సందేహము నాడు ప్రబలముగ నుండెను. దానిని తీర్చుటకు రెండు బృందములు పూనుకొనెను. ఒకటి సాన్‌హోసేలోని ఐ.బి.ఎం. వారి సిస్టమ్ ఆర్. రెండవది, 1973లో ఆచార్యులు మైకేల్ స్టోన్‌బ్రేకర్, యూజీన్ వాంగ్ విద్యార్థులతో ప్రారంభించిన ఇంగ్రెస్. మొదటిది పెద్ద వ్యాపారసంస్థ కృషి. రెండవది విశ్వవిద్యాలయ కృషి.

వారి సాధనము పి.డి.పి.-11 అను చిన్న యంత్రము. దానిపై యూనిక్స్ నడచుచుండెను. అందు ఒక ప్రక్రియకు లభించు స్థలము 64 కిలోబైట్లు మాత్రమే. వ్యవస్థ యంతయు ఒక ప్రక్రియలో నిముడదు. కావున దానిని నాలుగు ప్రక్రియలుగ విభజించిరి. మొదటిది వినియోగదారునితో సంభాషించునది. రెండవది ప్రశ్నను విశ్లేషించునది. మూడవది దానిని చిన్న ప్రశ్నలుగ విడగొట్టి సమాధానమును వెదకునది. నాలుగవది పట్టికలను సృష్టించుట మొదలగు పనులు చేయునది. ఈ నాలుగును గొట్టములవంటి మార్గముల ద్వారా సందేశములను పంపుకొనుచుండెను.

యంత్రమునకు వచ్చిన యీ యిబ్బంది మనుష్యులకును వచ్చునదే. ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథమున నొక సామాన్యమైన లెక్కను చూపెను. ముగ్గురు పనిచేయుచో వారి నడుమ మాట సాగవలసిన జంటలు 3, ఐదుగురైనచో 10, పదిమందియైనచో 45. మనుష్యులు పెరిగినకొలది పని పంచబడును గాని మాటలు అంతకు మించి పెరుగును. వెనుకబడిన సాఫ్టువేరు పనికి మనుష్యులను చేర్చిన నది మరింత వెనుకబడునని యతని సిద్ధాంతము. విద్యార్థిబృందములలో కలతలకు సోమరితనమే కారణమని మనము తొందరపడి తీర్పు చెప్పుచుందుము. పనిని ఎచట కోయవలెనో తెలియక కోయుట అంతకంటె తరచుగ కారణమగునని మా యభిప్రాయము.

విశ్వవిద్యాలయమున మరియొక కష్టము కలదు. పట్టము పొందిన విద్యార్థి వెడలిపోవును; అతడు వ్రాసినది మిగులును. ఇంగ్రెస్ ఈ కష్టమును దాటుటకు రెండు కారణములు కనుపించుచున్నవి. మొదటిది, దానిని బయటివారు వాడుట. బర్క్‌లీవారు మూలకార్యక్రమమునే టేపులపై నితర విశ్వవిద్యాలయములకును సంస్థలకును స్వల్పమూల్యమునకు పంపిరి. తెలియనివాడు వాడునప్పుడు, వ్రాసినవానికి కనబడని దోషము బయటపడును. రెండవది, తమ పనిని గూర్చి దాపరికము లేక వ్రాయుట. 1976లో స్టోన్‌బ్రేకర్, వాంగ్, పీటర్ క్రెప్స్, జెరాల్డ్ హెల్డ్ అను నలుగురి పేర వ్యవస్థ నిర్మాణక్రమమును తెలుపు వ్యాసము వెలువడెను. 1980లో స్టోన్‌బ్రేకర్ వెనుకకు తిరిగి చూచుకొని, తమ నిర్ణయములలో పొరపాటులేవో తెలుపుచు మరియొక వ్యాసమును ప్రకటించెను. గెలుపును వ్రాసికొను ఆచారమెల్లెడల నున్నది. తప్పును వ్రాసిపెట్టువారరుదు. తరువాత వచ్చు విద్యార్థికి రెండవదే యెక్కువ ఉపయోగపడును.

బృందము చెదరినప్పుడు విద్య కూడ చెదరి వ్యాపించెను. స్టోన్‌బ్రేకర్, వాంగ్, లారెన్స్ రో కలిసి 1980లో ఇంగ్రెస్‌ను విక్రయించు సంస్థను స్థాపించిరి. ఇంగ్రెస్ విద్యార్థులలో నొకడైన రాబర్ట్ ఎప్‌స్టీన్ 1984లో సైబేస్ సంస్థ స్థాపకులలో నొకడయ్యెను. ఎరిక్ ఆల్‌మన్ కథ మరింత విచిత్రమైనది. ఇంగ్రెస్ యంత్రమునకు అర్పానెట్‌తో సంబంధముండుటచే ఇతరశాఖలవారును ఉత్తరములకై దానిని వాడగోరుచుండిరి. వారి ఒత్తిడిని తప్పించుకొనుటకై అతడు ఉత్తరములను ఒక యంత్రమునుండి మరియొక దానికి చేరవేయు డెలివర్‌మెయిల్ అను కార్యక్రమమును వ్రాసెను. ఇంటర్నెట్టు ఉత్తరములను చిరకాలము మోసిన సెండ్‌మెయిల్ దానినుండి పుట్టినదే.

1986లో బర్క్‌లీలో పోస్ట్‌గ్రెస్ అను క్రొత్త వ్యవస్థ ఆరంభమయ్యెను. దాని కీర్తియే దానికి భారమాయెను. వాడువారు పెరిగినకొలది వారి యిబ్బందులను తీర్చుటకే కాలము చెల్లి, పరిశోధనకు తీరిక తగ్గెను. తుదకు 4.2వ రూపముతో విశ్వవిద్యాలయము దానిని ముగించెను. అంతటితో కథ ముగియవలసినదే. కాని 1994లో ఆండ్రూ యూ, జాలీ చెన్ అను ఇద్దరు స్నాతకోత్తర విద్యార్థులు దాని పాత ప్రశ్నభాషను తొలగించి, అప్పటికే లోకము స్వీకరించిన ఎస్.క్యు.ఎల్. భాషను చేర్చిరి. పోస్ట్‌గ్రెస్95 అను ఆ రూపమే 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరు పొందెను. దేశదేశముల స్వచ్ఛందసేవకుల పోషణలో నేటికిని అది జీవించియున్నది. ఇంగ్రెస్ భాష ఓడిపోయినది. దాని పరంపర నిలిచినది.

తెలుగు విద్యార్థికి ఈ సన్నివేశము క్రొత్తది కాదు. నన్నయ అరణ్యపర్వమును నడుమ విడిచెను. తిక్కన విరాటపర్వమునుండి తుదివరకు రచించెను. ఎఱ్ఱన మిగిలిన భాగమును పూరించెను. మువ్వురును ఒక కాలమువారు కారు, ఒకరితోనొకరు మాటాడినవారు కారు. ఐనను భారతము అతుకులబొంత కాలేదు. మువ్వురి యెదుటను వ్యాసుని మూలమున్నది, ముందున్నవాని మార్గమున్నది. బర్క్‌లీ విద్యార్థుల యెదుట కాడ్ సిద్ధాంతమును, చదువదగిన మూలకార్యక్రమమును ఉన్నవి. అనుసంధానమునకు సామీప్యముకంటె ఉమ్మడి మూలము ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

ఇక కర్తృత్వము. 1988లో సిస్టమ్ ఆర్‌తోపాటు ఇంగ్రెస్‌నకును కంప్యూటరు శాస్త్రజ్ఞుల సంఘము సాఫ్టువేరు వ్యవస్థా పురస్కారము నిచ్చెను. ఇంగ్రెస్ పక్షమున హెల్డ్, స్టోన్‌బ్రేకర్, వాంగ్ అను మువ్వురి పేర్లు చేరినవి, ఇతరులవి చేరలేదు. 2014 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము స్టోన్‌బ్రేకర్ ఒక్కనికే వచ్చెను. దీనిని నిందగా చెప్పుటలేదు. పురస్కారమునకు కొన్ని పేర్లే పట్టును. కృషికి మాత్రము పెక్కు చేతులు పట్టును. ఎఱ్ఱన తన పూరణమును నన్నయవలె రాజరాజునకే అంకితము చేసి తాను వెనుకకు తగ్గెను. అది యతని వినయము. విద్యార్థినుండి అట్టి వినయమును గురువు కోరరాదు. ఎవరే భాగమును చేసిరో నాడే వ్రాసియుంచుట గురువు ధర్మము. లేనిచో తరువాతి పరిశోధకునకు కర్తృత్వనిర్ణయము భారమగును.

కావున బృందప్రాజెక్టులను పరీక్షించు ఆచార్యులు, అది నేడు పనిచేయుచున్నదా యని మాత్రమే అడిగిన చాలదు. బృందములో లేని యొక విద్యార్థికి దానిని అప్పగించి, అతడు వారములోపల దానిని నడుపగలడేమో చూడవలెను. పొరపాటుల పట్టికను ప్రత్యేకముగ కోరి, దానికి మార్కులు తగ్గింపక హెచ్చింపవలెను. 1994లో ఆ యిద్దరు విద్యార్థులకు ముందువారు విడిచిపోయినది అసంపూర్ణమే. కాని అది చదివి అర్థము చేసికొనదగినదై యుండెను. అందుచేతనే వారు దానిని కొనసాగింపగలిగిరి.