ఎక్సు కిరణాలు చూపిన మూడు పేటలు

ధర్మపురి వంటి గోదావరి తీరపు ఊళ్ళలో, ఉత్సవానికి ముందు డప్పులను మంట దగ్గర కాచడం శ్రోతలు చూచే ఉంటారు. సెగ తగిలిన తోలు బిగిసి కంగున పలుకుతుంది. అంత బిగువును ఓర్చుకొనే సత్తువ తోలుకు కొల్లాజెన్ అనే మాంసకృత్తు వలన కలుగుతున్నది. మన చర్మానికీ, ఎముకలకూ, కండను ఎముకతో బంధించే స్నాయువులకూ అదే ఆధారం. దాని కట్టడపు రహస్యం బయటపడినది మద్రాసు నగరంలో.

1895 లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్సు కిరణాలతో ఆసుపత్రిలో తీసే ఫొటో ఒక విధమైన నీడ మాత్రమే. దట్టమైన ఎముక కిరణాలను చాలవరకు ఆపుతుంది. మెత్తని కండ పోనిస్తుంది. 1912 లో జర్మనీలో లావే, ఆయన సహచరులు ఈ కిరణాలను స్ఫటికం గుండా పంపగా, ఫలకంపై చుక్కల వరుసలు ఏర్పడినవి. బారులు తీరిన పరమాణువులు కిరణాలను కొన్ని నిర్ణీత దిక్కులకే బలంగా చెదరగొట్టడం ఇందుకు కారణం. దీనినే వివర్తనం అంటారు. చుక్కల తావులను బట్టి పరమాణువుల ఎడమును లెక్కకట్టే మార్గాన్ని ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు చూపారు.

మద్రాసు విశ్వవిద్యాలయానికి అప్పటి ఉపాధ్యక్షులు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు కర్నూలులో జన్మించినవారు. భౌతికశాస్త్ర ఆచార్యపదవికి, బాల్యాన్ని విశాఖపట్నంలో గడిపిన సర్ సి. వి. రామన్ తన శిష్యుడు జి. ఎన్. రామచంద్రన్ పేరును సూచించారు. 1952 లో ఆయన మద్రాసు చేరారు. అక్కడికి వచ్చిన ఆంగ్ల శాస్త్రజ్ఞుడు బెర్నాల్, కొల్లాజెన్ చిక్కు ఇంకా విడలేదని తెలిపారు. కేంద్ర చర్మ పరిశోధనాలయం నుంచి కంగారు తోక స్నాయువు లభించినది. గోపీనాథ కర్తాతో కలిసి రామచంద్రన్ దాని వివర్తన చిత్రాలను పరిశీలించి, 1954 లో మూడు పేటల నిర్మాణాన్ని ప్రతిపాదించారు. మరుసటి ఏడు, ఆ పేటలు మోకువలె ఒకదానితో ఒకటి పురిపడి ఉంటాయని సవరించారు. లోపలి బంధాల విషయంలో క్రిక్, రిచ్ ఆక్షేపణలు చేశారు. మూడు పేటల మూలభావన మాత్రం నిలిచినది.

ఆ పురి మధ్య చోటు మిక్కిలి ఇరుకు. అందుచేత ప్రతి మూడవ స్థానంలోనూ అన్నిటికన్న చిన్నదైన గ్లైసీన్ ఉండవలెను. జన్మతః ఆ స్థానంలో మరొక పెద్ద అణువు చేరితే మోకు సరిగా అల్లుకొనదు. ఎముకలు పెళుసుబారి, స్వల్పమైన దెబ్బకే విరిగే వ్యాధి రావచ్చును. పసిబిడ్డ ఎముక విరగడానికి కారణం ఇంత సూక్ష్మమైన చోట ఉండగలదు.

1987 లో జర్మనీలో హార్డింగ్, ఆయన సహచరులు వివర్తనం ద్వారానే లోపలి పొరల చిత్రాలను నిర్మించే విధానాన్ని వివరించారు. కొవ్వు, నీరు, కొల్లాజెన్ కిరణాలను వేరువేరు తీరులలో చెదరగొట్టుతాయి. నీడలో ఒకేలా కనిపించే మంచి కండనూ, కంతినీ ఈ భేదంతో గుర్తించవచ్చునని ఆశ. చెదరిన కిరణాలు బలహీనమైనవి; స్పష్టత కోసం రోగిపై ఎక్కువ కిరణాలు ప్రసరింపజేయడం క్షేమం కాదు. కాబట్టి ఈ పరీక్షలు అధికంగా శరీరం నుంచి తీసిన ముక్కల మీదనే జరిగినవి. ఆ అడ్డంకి తొలగిననాడు, స్నాయువు ముక్కలో మూడు పేటలను చూపిన వెలుగే కంతి గుట్టునూ కోత లేకుండా చెప్పగలదు.